బూటు కరుస్తోంది

కౌంటెస్ విషం తాగుతోంది.
హాలంతా ఏడుస్తోందని
ముందు వరుసలో కదిలే భుజాలు చెబుతున్నాయి.
మూడో వరుసలో మేం ఆరుగురం,
చెవిటి బడి ఆడపిల్లలం,
నోటికి గౌను అంచు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాం.
తెర మీద అక్షరాల అట్ట వచ్చింది: "ప్రియతమా, ఇక సెలవు."
ఎర్సీలియా బొస్కెరో పెదవులు మాత్రం అన్నాయి:
"ఒరే, బూటు కరుస్తోందిరా. ఇంకెంతసేపు?"

సిస్టర్ తొడ మీద గిల్లింది.
చేతులతో మాట్లాడితే బెత్తంతో కొట్టి,
తన గొంతు మీద మా వేళ్ళు ఆనించి
పెదవులు చదవడం నేర్పింది ఆవిడే.
ప్రార్థన కోసం చెప్పిన చదువు
టూరిన్‌లో ఆదివారం మ్యాట్నీకి పనికొచ్చింది.

డోరా నది ఒడ్డున గాజు కప్పు కింద
ఎండను పట్టుకుని సినిమాలు తీసేవాళ్ళట.
ఎరుపు నలుపుగా పడుతుందని
ఆ పెదవులకు ఏ రంగు పూసేవారో గానీ
నాకు మాత్రం ప్రతి మాటా అచ్చేసినట్టు కనిపించేది.
ముద్దు సీనులో క్యాబేజీ ధర.
పట్టాభిషేకంలో మూడు వారాల జీతం బాకీ.
కొండ మీంచి దూకబోతూ ఒక బూతు,
అది ఇక్కడ రాయను, సిస్టర్ ఇంకా బతికే ఉంది.

యుద్ధం మూడో ఏడు, ఒక నాట్యశాల.
తల వెనక్కి వాల్చి నవ్వుతోంది.
అట్ట: "ఎంత మధురమైన రాత్రి!"
పెదవులు: "తమ్ముడి గడియారం పంపారు. గడియారమే పంపారు."
జతగా ఆడుతున్నవాడి అడుగు తప్పింది.
కెమెరా తిరుగుతూనే ఉంది.
ఆ రాత్రి బడిలో మేం దీపం ఆర్పలేదు.
చీకట్లో మాకు మాటలుండవు.

ఉత్తరం రాశాను.
నా పేరు నివేస్, పద్నాలుగేళ్ళు,
మీరు చెప్పేదంతా వింటున్నాను, తమ్ముడి సంగతి కూడా.
చలికి నాకు దగ్గు. ఇట్లు.
జవాబు రాలేదు.
మరుసటి ఏడు ఈస్టర్ తర్వాత, నాలుగో రీలులో,
జైలు కిటికీ ఊచలు పట్టుకుని
సరాసరి నావైపు తిరిగింది:
"నివేస్, దగ్గు తగ్గిందా?"
అట్ట దేవుణ్ణి క్షమాభిక్ష అడిగింది.

నాయిక తల్లి అయింది. తల్లి దాది అయింది.
దాది, గుంపులో వెనకనున్న టోపీ అయింది.
ఆ టోపీ కింద నోరు దొరికేదాకా వెతికేదాన్ని.

మాటల సినిమా వచ్చింది.
గొంతు పరీక్ష చేశారట:
బజారు యాస, తుప్పుపట్టిన తలుపు బందు అన్నారట.
నాకేం తెలుసు.
తెర మీద మనుషులు నాకు వీపులు తిప్పి,
తలుపుల అవతల, టెలిఫోనుల్లో
మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. అట్టలు పోయాయి.
ఆమెకు స్టూడియో గేటు, నాకు టికెట్ కిటికీ
ఒకే చలికాలంలో మూసుకుపోయాయి.

దువ్వెనల ఫ్యాక్టరీలో చేరాను.
పాత ఫిల్ములు బస్తాల్లో వచ్చేవి,
వెండి కడిగేసుకున్నాక, బొమ్మ పోయి,
గాజుపురుగు రెక్కల్లా.
ఎక్కడో ఒక అంగుళం కడక్కుండా మిగిలేది.
వెలుగుకు పెట్టి చూశాను. ఆమే. నోరు తెరిచి ఉంది.
'అ' కావచ్చు. ఆవలింతా కావచ్చు.
ఒక్క ఫ్రేములో మాట ఇమడదు.
ఫోర్‌మన్ చూశాడు. పూట కూలి కోశాడు.

తర్వాత నాలుగేళ్ళకు, వానలో, ట్రాములో
ఎదురు సీటు మీద ఆమె, ఒళ్ళో క్యాబేజీ.
పెదవులు వాటంతటవే కదులుతున్నాయి.
"ప్రియతమా, ఇక సెలవు. ఎంత మధురమైన రాత్రి."
అప్పుడు ఎన్నడూ అనని అట్ట మాటలన్నీ
పాఠం అప్పజెప్పినట్టు ఒకటొకటే.

సిస్టర్ నేర్పిన గొంతు ఒకటుంది నాకు.
విన్నవాళ్ళ మొహాలు చూసి
ఇన్నేళ్ళూ పెట్టెలో దాచాను.
అది తీసి అడిగాను:
"బూటు ఇంకా కరుస్తోందా?"
ట్రాము మొత్తం ఉలిక్కిపడి తల తిప్పింది.
ఆమె ఒక్కతే నా పెదవులకేసి చూసింది.
క్యాబేజీ చంకన ఇరికించుకుని, వంగి,
మడమ చూపించింది.
"ఎడమది," అంది.